సోదమ్మ చెప్పిన నలభై ఒకటో ఇల్లు

నేను చూడకూడని వరసను మంగళవారం పొద్దున పదకొండింటికి చూశాను. ల్యాబ్‌లో అందరూ టీకి వెళ్ళారు. దొంగచాటుగా చూశాననుకోకండి. అంత ధైర్యమే ఉంటే అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ ఎందుకు చేస్తాను? సీలు వేసిన ఫైలులో ఖాళీ గళ్ళు ఎన్ని ఉన్నాయో చూడమని ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. నా రాతలో ఎక్కడో తప్పు దొర్లింది. ఖాళీ గళ్ళ సంఖ్యతో పాటు నిండిన వరస ఒకదాన్ని తెర మీద పడేసింది.

దాసరిదొడ్డి. ఇల్లు 41. ఐదేళ్ళ లోపు బిడ్డ. మరణం. ఇరవై ఒక్క రోజుల్లో. నమ్మకం నూటికి తొంభై నాలుగు.

పక్కనే సర్వే చేసిన తేదీ ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. నమ్మకం కలక్క మళ్ళీ లెక్కపెట్టాను. పంతొమ్మిది రోజులైంది. కిటికీ బయట మా వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని దేనికో పడీ పడీ నవ్వుతున్నారు.

మా యంత్రానికి కాగితాల మీద ఒక పొడుగాటి పేరుంది. అది ఎవరికీ నోరు తిరగదు కాబట్టి మేం సోదమ్మ అని పిలుస్తాం. మా గైడు సుభద్ర మేడమ్ పదకొండేళ్ళుగా పాలమూరు పల్లెల్లో సర్వేలు చేయిస్తున్నారు. నిన్న ఏం వండారు, నెలలో ఎన్ని రోజులు పని దొరికింది, పిల్లలు బడికి పోతున్నారా, అన్నీ ఇలాంటి ప్రశ్నలే. ఆ గొంతులన్నిటినీ ఆవిడ రికార్డు చేసి దాచారు. వాటిని, తర్వాత ఆ ఇళ్ళలో ఏం జరిగిందో ఆ వివరాలను కలిపి యంత్రానికి నేర్పించాం. సోదమ్మ జవాబులను పెద్దగా పట్టించుకోదు. జవాబుకు ముందు మనిషి ఎంతసేపు ఆగింది, గొంతు ఎక్కడ సన్నబడింది, వెనక ఏం వినపడింది, అవే దానికి కావాలి.

మొదటిరోజు మేడమ్ ఎనిమిదేళ్ళ నాటి రికార్డు ఒకటి పెట్టారు. ఆరు నెలల్లో పెద్ద కొడుకు బడి మానేస్తాడని సోదమ్మ ఒక వరస ఇచ్చింది. మేడమ్ పాత రిజిస్టరు తీసి చదివారు. అయిదో నెలలో మానేశాడు. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత ఇంకో రికార్డు. అందులో ఒక ముసలాయన ఎడ్ల గురించి ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. సోదమ్మ మరణం అంది, నలభై రోజులు అంది. రిజిస్టరులో ముప్పై ఎనిమిది అని ఉంది. ఈసారి చప్పట్లు లేవు. స్పీకరులో ఆ ముసలాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఎవరో లేచి ఆపేశారు.

ఏం జరుగుతుందో చెబుతుంది గానీ, ఎలాగో చెప్పదు. జ్వరమా, పామా, నీళ్ళ సంపా, దానికీ తెలియదు.

ఇది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చడానికి నూట ఇరవై ఊళ్ళు తీసుకున్నాం. సగం ఊళ్ళలో సోదమ్మ చెప్పిన ఇంటికి వెంటనే ఆశా కార్యకర్త వెళుతుంది. మిగతా సగంలో సోదమ్మ మాటకు సీలు వేస్తాం. ఏడాది దాకా ఎవరూ చూడకూడదు, మేడమ్ కూడా. ఏడాదయ్యాక రెండూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. చీటీలు తీసి ఊళ్ళను పంచింది నేనే. దాసరిదొడ్డి చీటీ సీలు డబ్బాలో పడింది.

ఆ పూట నాకు అది ఒక పేరు, అంతే.

*

మేడమ్ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ప్రతి శుక్రవారం ఆ గదిలో మాకు పంచాయితీ జరుగుతుంది. విద్యార్థి ఏం చెప్పినా మేడమ్ "ఎందుకు?" అంటారు. అలా ఏడిపించేదాకా అడిగి, ఆ తర్వాత ఇంటినుంచి తెచ్చిన ఉప్మా పెడతారు. నాలుగేళ్ళలో ఆవిడ నన్ను ఎన్నిసార్లు ఏడిపించారో చెప్పలేను. మా అమ్మ తర్వాత నేను అంతగా నమ్మే మనిషి కూడా ఆవిడే.

"మేడమ్, సీలు ఫైలులో ఒక వరస చూశాను."

ఆవిడ తల ఎత్తారు. "ఎలా?"

చెప్పాను. "ఊరు..." అని మొదలుపెట్టాను.

"చెప్పకు."

"చిన్నపిల్ల మేడమ్, ఇంకా రెండు రోజులే..."

"చెప్పకు అన్నానా!"

ఆవిడ అరవడం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు. వరండాలో పోతున్న ప్యూను ఆగి చూసి వెళ్ళిపోయాడు. మేడమ్ లేచి, ఆ గది చరిత్రలో మొదటిసారి, తలుపు మూశారు.

"కూర్చో. నీకు గుడ్ల కథ చెప్పలేదు కదూ? పద్దెనిమిదేళ్ళ కింద, అంగన్‌వాడీ పిల్లలకు రోజూ గుడ్డు పెట్టే ప్రాజెక్టు నాది. సగం ఊళ్ళలో పెట్టాలి, సగం ఊళ్ళలో పెట్టకూడదు. నాకు మనసొప్పలేదు. అందరికీ పెట్టేశాను. పిల్లలు చక్కగా ఎదిగారు. రెండేళ్ళ తర్వాత పైనున్న ఆఫీసరు ఒకాయన ఒక్కటే అడిగాడు. వానలు కూడా బాగా పడ్డాయి కదా, గుడ్డు పెట్టకపోతే ఏమయ్యేదో చూపించండి అన్నాడు. నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఫైలు మూసేశాడు. తొమ్మిదేళ్ళు ఆ జిల్లాలో ఏ పిల్లకూ గుడ్డు లేదు నవనీతా. నా మెత్తదనం వల్ల."

"ఇది గుడ్డు కాదు మేడమ్."

"తెలుసు." ఆవిడ మూసిన తలుపు వైపు చూశారు. "నూటికి ఆరుసార్లు తప్పు చెబుతుంది."

"ఇది ఆ ఆరులో ఉందని ఎవరు చెప్పారు?"

"ఒక్క ఇంటికి చెబితే మిగతా ఇళ్ళ సంగతేంటి? అన్నీ తెరుద్దామా? తెరిస్తే సోదమ్మ మాట నిజమో కాదో ఎప్పటికీ తేలదు. తేలకపోతే ఎవరూ దాన్ని నమ్మరు. రాష్ట్రమంతా ఉన్న పిల్లల మాటేమిటి?" ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "నన్ను కాసేపు ఆలోచించుకోనీ. నువ్వు వెళ్ళు."

నేను వెళ్ళాను. ఆ పని చేసినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. గురువుగారు చెప్పారు కదా అని బుద్ధిమంతురాలిలా వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. సాయంత్రం హాస్టల్ మెస్సులో వంకాయ కూరలో ఉప్పెక్కువైందని పెద్ద గొడవ జరిగింది. నేనూ ఆ గొడవలో రెండు మాటలు అన్నాను. పళ్ళెం కడుగుతుంటే మేడమ్ మెసేజి వచ్చింది. "ఎథిక్స్ కమిటీకి రాశాను, వాళ్ళు శుక్రవారం కూర్చుంటారు."

శుక్రవారం అంటే ఇరవై రెండో రోజు.

సీలు మీరి ఆ ఊరికి పోతే మూడేళ్ళ పని, నా పీహెచ్‌డీ, మేడమ్ పేరు, అన్నీ గంగలో కలిసేటట్టే ఉన్నాయి. అయినా నలభై ఒకటో ఇంటి రికార్డు నా ఫోనులోకి ఎక్కించుకున్నాను. పొద్దున్నే బస్సెక్కాను.

*

బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ రికార్డు ఒక్క నిమిషం విన్నాను. ఆడమనిషి, చిన్న వయసు గొంతు. పేరు చెప్పిన చోటల్లా యంత్రం ఒక కూత పెట్టి చెరిపేసింది, ఎవరి గుట్టూ బయటపడకుండా. అక్కడితో ఆపేశాను. పదకొండు నిమిషాల రికార్డు అది, బస్సు ప్రయాణం నాలుగు గంటలు. వినొచ్చు. కానీ భయం వేసింది. నాలుగేళ్ళుగా వేల గొంతులతో పనిచేశాను, ఒక్కదాన్నీ మొదటినుంచి చివరిదాకా వినలేదు. వినడం సోదమ్మ పని. మాకు వరసలు వస్తే చాలు.

దాసరిదొడ్డిలో దిగేసరికి పన్నెండైంది. మా సర్వే వాళ్ళు తలుపుల మీద నీలం రంగుతో నంబర్లు వేస్తారు. ముప్పై తొమ్మిది, నలభై, ఆ తర్వాత సందు మలుపులో నలభై ఒకటి. తాళం వేసి ఉంది.

మామూలు తాళం కాదు. తుప్పు పట్టింది. గొళ్ళెం మీదినుంచి గడప దాకా సాలెగూడు ఉంది.

ఎదురింటి అరుగు మీద ఒక ముసలమ్మ కందిపప్పు చెరుగుతోంది. "ఎవల కోసం బిడ్డా? ఆళ్ళు దసరా పండుగ అయిన తెల్లారే పూనా పోయిండ్రు. బిల్డింగుల పనికి. మల్ల ఉగాదికే వచ్చుడు."

"పిల్లలు?"

"అందరు పోయిండ్రు. ఈడెవలున్నరు చూడనీకి?"

నాకు నవ్వొచ్చింది. అక్కడే రోడ్డు మీద నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. ఇంట్లో మనిషే లేడు, ఇక చనిపోయేది ఎవరు? సోదమ్మ తప్పు చెప్పింది! వెంటనే మేడమ్‌కు ఫోన్ చేశాను. వచ్చినందుకు తిడతారని కూడా అనుకోలేదు.

"మేడమ్! దాసరిదొడ్డి వచ్చాను, ఇరవై రోజుల కింద సర్వే చేసిన ఇల్లు! దసరా నుంచీ తాళం! పిల్లా లేదు, పీచూ లేదు! మన సోదమ్మ పప్పులో కాలేసింది!"

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినపడింది.

"నవనీతా," అన్నారు మేడమ్. "దసరా నుంచి తాళం ఉంటే, ఇరవై రోజుల కింద మనతో మాట్లాడింది ఎవరు?"

*

ఆ ఊరి సర్వే చేసింది బాలప్ప. పక్క ఊరివాడు, నలభై అయిదేళ్ళ మనిషి, పదకొండేళ్ళుగా మేడమ్ దగ్గర పనిచేస్తున్నాడు. ఇంట్లోకి పోయి ఎలా కూర్చోవాలో, ఏ ప్రశ్న ముందడగాలో, కుక్క మీదికొస్తే ఏం చెయ్యాలో నాకు నేర్పింది అతనే. అతనికి సీలు సంగతి కూడా తెలుసు, ఏ ఊరు ఏ డబ్బాలో పడిందో మాత్రం తెలియదు. ఫోన్ చేసిన పావుగంటకు బండి మీద వచ్చాడు. తలుపు మీది నంబరు చూశాడు, నన్ను చూశాడు. చెప్పకముందే అతని మొహం పాలిపోయింది.

"తాళం పడితే మూడుసార్లు రావాలని నాకు చెప్పింది నువ్వే కదా బాలప్పా?"

"మూడుసార్లు కాదు మేడం, ముప్పైసార్లు వచ్చినా ఈ తాళం తియ్యరు. పది ఇండ్లకంటె ఎక్కువ తాళాలుంటె ఊరినే సర్వేల కెల్లి తీసేస్తమన్నరు గద పెద్దమేడం? ఈ ఊర్ల పదిహేడున్నయి."

"అయితే?"

"అయితే ఏముంది? పని లేక పోయేటోళ్ళ ఊర్లల్లనే గద తాళాలుండేది? తాళాలున్న ఊర్లన్ని తీసేస్కుంట పోతే ఇగ మీకు మిగిలేదెవలు? ఉన్నోళ్ళు. ఈ ఊరు ఉంటే రేపెప్పుడన్న ఒక నర్సమ్మన్న వస్తదనుకున్న." అతను తల దించుకున్నాడు. "పదికి మించిన తాళాల నంబర్లల్ల వేరేటోళ్ళ జవాబులు నింపిన. తప్పే."

నా థీసిస్ మూడో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. తాళాల కారణంగా పద్నాలుగు గ్రామాలను తొలగించడమైనది. ఆ వాక్యం రాసి నేను టీకి వెళ్ళాను. బాలప్పను తిట్టడానికి నాకు నోరు రాలేదు.

"నలభై ఒకటిలో ఎవరి జవాబులు రాశావు?"

"నల్ల కాడ నీళ్ళకొచ్చిన ఆడోళ్ళను అడిగిన. ఏడుగురో ఎనిమిది మందో. ఎవల మాట ఏ నంబర్ల వడ్డదో నాకెట్ల యాదుంటది మేడం? ఎందుకు, ఏమైంది?"

చెప్పాను. అతను బండికి ఆనుకుని కూర్చుండిపోయాడు. రికార్డులో మొదటి నిమిషం వినిపించాను. ఎవరి గొంతో పోల్చలేకపోయాడు. పేర్లన్నీ చెరిపేసి ఉన్నాయి కదా అని, మిగతాది వినాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఆ తర్వాతి మూడు గంటలు నాకు సరిగా గుర్తు లేవు, భయం మాత్రం గుర్తుంది. ఐదేళ్ళ లోపు పిల్లలు ఆ ఊళ్ళో ముప్పై ఎనిమిది మంది ఉన్నారని అంగన్‌వాడీ టీచరు చెప్పింది. ప్రతి పిల్లా ఆ పిల్లే అనిపించింది. ఒక పిల్లవాడు మూత లేని సంపు పక్కన కూర్చుని చెప్పును నీళ్ళలో తేలేస్తున్నాడు. పరుగెత్తి లాగేశాను, వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఒకచోట కరెంటు తీగ దండెంలా వేలాడుతోంది. ఒకచోట ట్రాక్టరు వెనక్కి వస్తోంది. పెద్దవాళ్ళు రోజూ చూసే ఊరే అది. నాకు మాత్రం ప్రతి గోడా పిల్లల మీద కూలడానికి సిద్ధంగా ఉన్నట్టు కనపడింది. ఇల్లిల్లూ తిరిగి జ్వరమా, దగ్గా, పాము కనపడిందా అని అడిగాను. ఏమని అడగాలో కూడా తెలియదు. నా మొహం చూసి ఒక తల్లి తలుపు వేసేసుకుంది.

నాలుగింటికి నల్లా వదులుతారన్నాడు బాలప్ప. "అందరు వస్తరు. రికార్డు వినిపిద్దాం మేడం. గొంతు పోలుస్తరు."

వినిపించకూడదు. ఆ సంగతి అతనికీ తెలుసు. సర్వే మొదలుపెట్టే ముందు ప్రతి ఇంట్లో మేం ఒక మాట చదువుతాం. మీరు చెప్పింది ఏదీ మీ గడప దాటదు. ఆ వాక్యం రాసింది మేడమ్. ఆవిడకు ఫోన్ చేశాను. కారు శబ్దం వినపడింది, దారిలో ఉన్నారు.

"వినిపించు," అన్నారు.

*

నల్లా దగ్గర ఇరవై మంది దాకా ఆడవాళ్ళు బిందెలు వరసపెట్టి నిలబడ్డారు. నేను ఫోన్ చప్పుడు పూర్తిగా పెంచి చేత్తో పైకి పట్టుకున్నాను. బాలప్ప గొంతు వచ్చింది.

"నిన్న రాత్రి ఏం వండిండ్రు?"

"అన్నం... చారు."

"మీరు తిన్నరా?"

"పిల్లకు పెట్టిన."

"మీరు తిన్నరా అమ్మా?"

కాసేపు ఏమీ లేదు. "...లే. అంత లేకుండె."

వరసలో కదలిక వచ్చింది. "మాదేవి గద ఇది?" అంది ఒకామె. తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. వరస చివర ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ మనిషి చంకలో బిందెతో నిలబడి ఉంది. ఆమె మొహం ఎర్రబడింది.

"బంద్ చెయ్," అంది.

ఆపబోయాను. కంగారులో వేలు తెర మీద ఎక్కడో పడింది, గొంతు ఆగలేదు.

"సారు, ఒక్కటడగాలె. నా బిడ్డ ఊకె డొక్కలెగరేస్తది. పాలు తాగుకుంట తాగుకుంట అలిసిపోతది. పెదువులు నీలిగ అయితయి ఒక్కొక్కపారి. ఎవలకు చూపియ్యాలె సారు?"

బాలప్ప గొంతు, మర్యాదగా, ఓపికగా: "అమ్మా, దానికి ఇండ్ల కాలమ్ లేదు. ముందటికి పోదాం. పోయిన నెల ఎన్ని దినాలు పని దొరికింది?"

చాలాసేపు ఏమీ లేదు.

"పదకొండు."

నల్లా నుంచి నీళ్ళు నిండిన బిందెలోంచి పొర్లి పోతున్నాయి, ఎవరూ కట్టెయ్యలేదు. బాలప్ప అక్కడే మట్టిలో చతికిలబడి మొహం కప్పుకున్నాడు. యంత్రం కనిపెట్టిన రహస్యం ఏమీ లేదు అందులో. ఆమె చెప్పింది. నోరు తెరిచి, మనిషితో, తెలుగులో చెప్పింది. ఇరవై రోజులుగా ఆ మాట మా దగ్గరే ఉంది.

మహాదేవి బిందె కింద పెట్టి నా ఎదుటికి వచ్చింది. "నేను తిన్ననా తిన్లేదా ఊరందరికి వినిపిస్తవా? గడప దాటదంటిరి గద? ఎవలు నువ్వు?"

"పాప ఎక్కడుంది?"

"నీకెందుకు?"

"పాపకు ప్రమాదం ఉంది మహాదేవీ. మా యంత్రం చెప్పింది. రేపటి లోపల..." మిగతాది చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఆమె నన్ను కొట్టలేదు, ఏడవలేదు. "ఎన్ని దినాల సంది ఎరుక మీకు?"

"ఇరవై రోజులు. మేం చూడకుండా... సీలు వేసి పెట్టాం."

"నాకు అంతకు ముందుకెల్లే ఎరుక," అంది. వెనక్కి తిరిగి పరుగెత్తింది.

*

చందనకు రెండున్నరేళ్ళు. పక్కింటామె ఒళ్ళో కళ్ళు సగం మూసుకుని ఉంది. పొద్దున్నుంచి ఏమీ తాగలేదట. చొక్కా ఎత్తి చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది. మూతి చుట్టూ నీలం.

బాలప్ప ఎక్కడినుంచో ఆటో తెచ్చాడు. మహాదేవి బిడ్డను పట్టుకుంది, నేను గడియారం పట్టుకుని ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి డెబ్బై రెండు. మళ్ళీ డెబ్బై ఆరు. మా చదువు నాకు నేర్పింది ఆ ఒక్క పనే. మధ్యలో ఒకసారి ఊపిరి ఆగినట్టయింది. మహాదేవి పాప చెంపలు తడుతూ "అమ్మా, నా తల్లీ, చూడు నన్ను" అంటూనే ఉంది. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఆ దారి పొడుగునా దండం పెడుతూనే ఉన్నాను.

పాలమూరు దవాఖానాలో వెంటనే ఆక్సిజన్ పెట్టారు. న్యుమోనియా అన్నారు, దాని కింద గుండెలో చిల్లు ఉందన్నారు, పుట్టినప్పటినుంచీ. ఆరింటికి మేడమ్ వచ్చారు. వార్డు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు, లోపలికి అడుగు వెయ్యలేదు. నాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడ ఎవరినీ ఎందుకు అని అడగలేదు.

మరునాడు గురువారం. ఇరవై ఒకటో రోజు.

ఆ పగలంతా మేం ముగ్గురం వరండాలో బెంచీ మీద కూర్చున్నాం, నేనూ మేడమూ బాలప్పా. నూటికి తొంభై నాలుగు అన్న అంకె నా తలలో తిరుగుతూనే ఉంది. దవాఖానాకు తెచ్చాం కాబట్టి తప్పిందనుకోవాలా? లేక ఇక్కడే జరగాలని ఉందా, తేవడమే దానికి దారి చేసిందా? మిషను కూత పెట్టినప్పుడల్లా ముగ్గురం లేచి నిలబడ్డాం. మధ్యాహ్నం రెండింటికి నర్సులు పరుగెత్తారు. డాక్టరమ్మ లోపలికి పోతూ తలుపు మూసింది. మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు, ఆవిడ గోళ్ళు నా చర్మంలో దిగాయి. లోపల మహాదేవి గొంతు వినపడటం లేదు. ఏడుపు వినపడకపోవడం మంచిదో చెడ్డదో తెలియలేదు.

నలభై నిమిషాలు అలా గడిచాయి. డాక్టరమ్మ బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "నిలదొక్కుకుంది. ఇంకో పూట ఆలస్యం చేసి తెస్తే నా చేతుల్లో ఉండేది కాదు," అంది.

బాలప్ప గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు.

*

శుక్రవారం పొద్దున చందన కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. హైదరాబాద్ పంపుదాం, ఆపరేషన్ చేస్తే ఆడుకుంటుంది అంది డాక్టరమ్మ. మహాదేవి వరండాలోకి వచ్చి, రెండు రోజుల తర్వాత మొదటిసారి గోడకు ఆనుకుని కూర్చుంది.

మేడమ్ లేచి వెళ్ళి ఆమె ముందు నేల మీద కూర్చున్నారు. అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి.

"నేను సుభద్రను. ఈ సర్వే నాది. కాలమ్‌లు రాసింది నేను. చూడొద్దని సీలు వేసింది నేను. నవనీత వచ్చి చెబుతానంటే చెప్పొద్దని అరిచింది కూడా నేనే. బాలప్పది తప్పు కాదు, నాది." ఆవిడ రెండు చేతులూ జోడించారు. "నన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదమ్మా." కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి.

మహాదేవి ఆవిడను చాలాసేపు చూసింది. కోపంగా కూడా కాదు, ఏదో లెక్క కుదరనట్టు చూసింది.

"ఆ సీలు డబ్బల నా బిడ్డొక్కతేనా? ఇంకెవలన్న ఉన్నరా?"

"ఉన్నారు. రెండు వందల ఆరు ఇళ్ళు."

"ఆళ్ళకు చెప్పిండ్రా?"

"...లేదు. ఇంకా లేదు."

"మరి ఈడ నా ముంగట కూసోని ఏడుస్తవేందవ్వా?" అంది మహాదేవి. "లెవ్వు. పోండ్రి."

మేడమ్ లేవలేకపోయారు. మహాదేవే చెయ్యి ఇచ్చి లేపింది. బాలప్ప అప్పటికే బండి తాళం చెవులు వెతుక్కుంటున్నాడు. నేను దవాఖానా మెట్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తీశాను. మేడమ్ నా పక్కన కూర్చుని, అప్పటిదాకా ఎవరికీ చెప్పని పాస్‌వర్డు నోటితో గట్టిగా చెప్పారు. ఫైలు తెరుచుకుంది.

మొదటి వరసకు గడువు నాలుగు రోజుల కిందటే అయిపోయింది.

"తర్వాతది చదువు," అన్నారు మేడమ్.